కీమో రోజుల్లో అంబలి

రొమ్ము క్యాన్సర్‌కి రెండో కీమో ఎక్కించుకున్న తొమ్మిదో రోజు, అత్తమ్మ గ్లాసు నిండా జొన్న అంబలి తెచ్చింది. రామంతాపూర్‌లో గిర్నీకి పోయి తనే పిండి పట్టించి, కాచి చల్లార్చి రాత్రంతా పులియబెట్టింది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుండే నా నోట్లో ఆ పుల్లటి వాసనకే నీళ్లూరాయి.

తాగలేకపోయాను. ముందురోజు రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్, అంటే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాలు, 420. మామూలుగా 1,500 పైన ఉండాలి. 500 కన్నా తగ్గితే చిన్న సూక్ష్మజీవిని కూడా ఒళ్లు ఆపలేదని, పులిసినవి పచ్చిగా తీసుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రయినా రమ్మంది.

"మీ మామ ఇదే తాగి పొలం దున్నిండు బిడ్డా, ఒక్కనాడన్న పానం ఖరాబైందా?" అత్తమ్మ కళ్లల్లో నీళ్లు. ఆమె మాట అబద్ధం కాదు. పులిసేటప్పుడు లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా పెరుగుతుంది, గింజలోని ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము, జింకు ఒంటికి బాగా అందుతాయి. కానీ కాపలా లేని ఒంట్లోకి ఆ బ్యాక్టీరియాని బతికుండగా పంపడమే భయం.

దారి డైటీషియన్ చూపించింది. వరస మార్చమంది: కాచి చల్లార్చిన నీళ్లలో పిండి కలిపి ముందే పులియబెట్టి, పొద్దున బాగా ఉడికించి వేడివేడిగా తాగాలి. బ్యాక్టీరియా చస్తుంది, పులుపు ఉంటుంది. ఇడ్లీలో జరిగేదీ అదే కదా! ఆ పులుపే నాకు అన్నం సహించేలా చేసింది. తగ్గిన నాలుగు కిలోల్లో రెండు తిరిగొచ్చాయి, తర్వాతి కీమోలు వాయిదా పడలేదు.

అమెరికాలో ఉండే మరిది పులిసిన గోధుమ అంకురం పొడి పంపిస్తానన్నాడు. హంగేరీలో తయారైంది, ఈస్ట్‌తో పులియబెడతారు. చికిత్సకి తోడుగా ఇచ్చి చూసిన చిన్న అధ్యయనాలున్నాయిగానీ, క్యాన్సర్‌ని అది నయం చేస్తుందన్న రుజువు లేదంది డాక్టరమ్మ. వద్దన్నాను. కాలనీలో ఇప్పుడు 'అంబలితో తగ్గిందట' అంటుంటే నాకు గుండె దడ. ఎవరైనా అది నమ్మి కీమో మానేస్తే? కనిపించిన ప్రతివాళ్లకీ చెప్తున్నా: ఆపరేషన్, ఆరు కీమోలు, రేడియేషన్.

మొన్న మే నెలలో కౌంట్ 3,100 వచ్చింది. పాత పద్ధతి అంబలికి డాక్టరమ్మ సరేనంది. అత్తమ్మ ఉల్లిగడ్డ కోసి పక్కన పెట్టి, నేను తాగేదాకా ఎదురుగానే కూర్చుంది.