తుప్పు పట్టిన రోడ్డు రోలరు – ఒక ఫోటో కోసం నా అనుభవం

నిన్న సాయంత్రానికి రోడ్డు రోలరు ఫోటోలు నా చేతికొచ్చాయి. ఒకవైపు సంతోషం, మరోవైపు వాటికోసం నన్ను తిప్పిన ప్రభుత్వ ఆఫీసు మీద కోపం. రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

రాజమండ్రి పాత పేటల్లో నడుస్తూ తుప్పు పట్టిన ఇనుప వస్తువులను ఫోటో తీయడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. వీధిలో కనిపించేవాటితో ఏ ఇబ్బందీ ఉండదు. పాతకాలం తలుపు గొళ్లెం, మూతపడ్డ కొట్టుకు వేలాడుతున్న తాళంకప్ప, చెయ్యి ఊడిపోయిన ఇండియా మార్క్ 2 బోరింగు, ఏది తీసినా ఎవరూ అడ్డు చెప్పరు. ఒక ఇంటావిడ అయితే నూతి గిలక చూపిస్తానని పెరట్లోకి తీసుకెళ్లి టీ ఇచ్చింది.

హేవలాక్ వంతెన దగ్గర ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను. గోదావరి మీద 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన రైలు వంతెన అది. పాత ఇనుప కట్టడాల్లో పలకలను కలిపినవి రివెట్లనే లావు మేకులు. ఎర్రగా కాల్చి, రంధ్రంలో దూర్చి, తల గుండ్రంగా అణిగేదాకా సుత్తితో కొట్టేవారు. రెండు పలకల మధ్యకు నీరు చేరితే అక్కడ తుప్పు పుట్టి ఉబ్బుతుంది. ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గట్టి పలకలు కూడా వంగి విడిపోతాయి. అలాంటి ఉబ్బు ఫోటోలో కనిపించాలంటే పొద్దున్నే ఏటవాలు ఎండ పడాలి. మిట్టమధ్యాహ్నం అంతా చదునుగా వస్తుంది. ఫోనులో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే తుప్పులోని కాషాయం చచ్చిపోతుంది, ఎండ గుర్తు దగ్గర పెట్టుకోండి. వెలుగు కొంచెం తగ్గించండి. రంగు కోసం సీసాతో నీళ్లు చల్లేవాళ్లను చూశాను. అది నాకు అస్సలు నచ్చదు. వాన పడేదాకా ఆగితే వాన ఆ పని చేసిపెడుతుంది.

ఇక అసలు సంగతి. ఒకరోజు వంతెన నుంచి వెనక్కి వస్తుంటే ఒక ప్రభుత్వ ఆఫీసు ఆవరణలో, పిచ్చి తుమ్మల మధ్య ఆవిరి రోడ్డు రోలరు కనిపించింది. గేటు బయట రోడ్డు మీదే నిలబడి జూమ్ చేసి చూశాను. ముందు చక్రం పైన, వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డ గుర్రం బొమ్మ. ఇంగ్లండులోని రోచెస్టర్‌లో ఒకప్పుడు ఉన్న ఏవ్‌లింగ్ అండ్ పోర్టర్ కంపెనీ ముద్ర అది. 1934లో ఆ కంపెనీ ఇంకో కంపెనీతో కలిసిపోయి ఏవ్‌లింగ్-బార్‌ఫర్డ్ అయింది. బహుశా ఈ బండి తొంభై ఏళ్ల పైమాటే. ఈ ఊళ్లో ఎంతమంది ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్తుంటారో గానీ, ఆ గుర్రాన్ని గుర్తుపట్టింది నేనే.

ఇంకో ఫోటో తీసేలోపు వాచ్‌మన్ వచ్చి లోపలికి రమ్మన్నాడు. సెక్షన్‌లో ఒక గుమస్తా ముందు నిలబెట్టాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోమనలేదు.

"ఎవరు పంపారమ్మా మిమ్మల్ని? పేపరు వాళ్లా?"

"ఎవరూ పంపలేదండి. పాత యంత్రాలంటే ఇష్టం, అందుకని తీశాను."

"తుప్పు ముక్క మీద ఇష్టమేంటి? మా ఆఫీసు పరువు తీయడానికి కాకపోతే? మీ ఆయన ఏం చేస్తుంటారు?"

రోలరు ఫోటోకీ మా ఆయన ఉద్యోగానికీ ఏం సంబంధమని అడిగాను. దాంతో అతనికి ఇంకా మండింది. ఫోను తీసుకుని గ్యాలరీలోకి వెళ్లాడు. రోలరు ఫోటోలు మొదట్లోనే ఉన్నాయి. అవి తీసేసి ఆగలేదు. కిందకు జరుపుకుంటూ మా అమ్మాయి ఫంక్షన్ ఫోటోలు, ఆసుపత్రి మంచం మీద ఉన్న మా అమ్మ ఫోటో, ఒక్కోటీ తెరిచి చూశాడు. పక్క టేబులు అతను వంగి మరీ చూస్తున్నాడు. ఆఫీసంతా చూస్తుండగా నేను చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. చివరికి డిలీట్ చేసినవి ఉండే ఫోల్డరు కూడా ఖాళీ చేసి, పొద్దుటి వంతెన ఫోటోలతో సహా పోగొట్టి, ఫోను టేబులు మీద పడేశాడు.

బయటికొచ్చాక నా కాళ్లు వణికాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక ఆడమనిషి సెల్లు తెరిచి ఇంటి ఫోటోలు చూసే హక్కు ఏ గుమస్తాకూ లేదు. మీకు ఇలా ఎదురైతే ఫోను చేతికివ్వకండి, పెద్ద అధికారిని పిలవమనండి. జనం డబ్బుతో కొన్న యంత్రం ఎండకీ వానకీ కుళ్లిపోతుంటే సిగ్గుపడాల్సింది దాన్ని పట్టించుకోనివాళ్లు, ఫోటో తీసినవాళ్లు కాదు. పాత సామాను కింద వేలం వేస్తే ఆ గుర్రం కూడా కొలిమిలో కరిగిపోతుంది. అప్పుడు ఈ ఊరి రోడ్లను ఏది చదును చేసిందో చెప్పడానికి ఒక్క ఫోటో ఉండదు. దాన్ని వదలకూడదని నేను పట్టుబట్టింది అందుకే.

తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాను. ఫలానా యంత్రం, ఫలానా కంపెనీ, సొంత ఆసక్తి, ఆఫీసు గదులు తీయను అని. గుమస్తా "సారు లేరు" అంటూ తిప్పాడు. రేపు రమ్మనడం, రేపు వెళ్తే మీటింగు అనడం. దరఖాస్తు అందినట్టు వేసే ఇన్‌వర్డ్ ముద్ర కూడా వెయ్యనన్నాడు. నన్ను అడిగితే సెక్షన్ వైపు వెళ్లనే వెళ్లకండి. పదకొండు గంటల వేళ నేరుగా అధికారి గది ముందు నిలబడండి. నేను అదే చేశాను. నావి పోయాయి కాబట్టి, వేరేచోట ఉన్న ఇలాంటి గుర్రం గుర్తు రోలర్ల ఫోటోలు ప్రింట్ తీసి పట్టుకెళ్లాను. ఆయన వాటిని చూసి, "మన దగ్గరున్నది ఇదేనా?" అని ఆశ్చర్యపోయి అక్కడికక్కడే సంతకం పెట్టారు. తిప్పింది రోజుల తరబడి, పని అయింది నిమిషాల్లో.

అటెండరు గారు వెంట వచ్చారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కత్తితో తుమ్మకొమ్మలు నరికి దారి చేశారు. "మా నాన్న దీనికి బొగ్గు వేసేవారండమ్మా. తెల్లారకముందే వచ్చి నిప్పు రాజేస్తేనే గానీ పనివేళకి ఆవిరి అందేది కాదంట" అన్నారు. పొగగొట్టం కింది పెట్టె అడుగు పూర్తిగా చిల్లులు పడింది. లోపల మిగిలిన బూడిద తడిస్తే ఇనుమును తినేస్తుంది, ఆవిరి యంత్రాల్లో తరచుగా ముందు పోయేది ఆ అడుగే. పోత ఇనుముతో చేసిన పెద్ద తిరుగుడు చక్రం మాత్రం చెక్కుచెదరలేదు. పైన నల్లగా, అంచుల్లో కాఫీ రంగులో, కొత్తగా పెచ్చు ఊడినచోట నారింజ రంగులో, ఒక్క చక్రం మీదే ఎన్ని వన్నెలో! గుర్రం ఫోటో అద్భుతంగా వచ్చింది. మెడ మీది జూలు గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. నేను ఇంతవరకు తీసినవాటిలో ఇదే గొప్పది.

ముళ్లపొదల్లోకి వెళ్లేవాళ్లు మూసిన బూట్లు వేసుకోండి. ఏదైనా గీసుకుంటే కడుక్కుని టీటీ ఇంజక్షను సంగతి డాక్టరును అడగండి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలోని క్రిమి వల్ల వస్తుంది. తుప్పు మేకులకు మట్టి అంటుకుని ఉంటుంది కాబట్టి జాగ్రత్త.

రోలరు ఫోటోల ప్రింట్లు రెండు సెట్లు వేయిస్తున్నాను. ఒకటి అటెండరు గారికి, ఒకటి ఆ అధికారికి, వేలం వెయ్యకుండా ధవళేశ్వరంలోని ఆర్థర్ కాటన్ మ్యూజియంకి పంపమనే విన్నపంతో. అక్కడ ఆనకట్ట పనుల్లో వాడిన పాత యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి, దీనికీ చోటు దొరకాలి. విన్నపం మీద సంతకాలు చేసే రాజమండ్రి వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, కాగితం తీసుకుని నేనే వస్తాను.