మూడో కుప్ప

మా ఊళ్లో పొద్దున్నే ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అన్న సంగతి పాలకేంద్రం దగ్గరే తెలిసిపోతుంది. ఆరు కాకముందే నలభై ఇళ్ల వాళ్లం స్టీలు క్యాన్లు, బిందెలు, కొందరైతే చెంబులు పట్టుకొని రచ్చబండ పక్కనున్న ఆ చిన్న గది ముందు నిలబడతాం. పాలు పోసే పని పది నిమిషాల్లో అయిపోతుంది, కానీ అరగంట దాకా ఎవరూ కదలరు. ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, ఎవరి బోరు ఎండింది, రాత్రి కొండ వైపు టపాకాయలు ఎవరు కాల్చారు, అన్నీ అక్కడే. నేను తిరుపతిలో ఒక బట్టల షాపులో ఆరేళ్లు పనిచేసి పోయినేడాది ఊరికి వచ్చేశాను. ఇంట్లోనే మిషను పెట్టుకొని బట్టలు కుడతాను, రెండు ఆవులున్నాయి. వచ్చిన కొత్తలో ఇంతమంది ఇన్ని ప్రశ్నలు అడుగుతుంటే ఊపిరాడేది కాదు. ఇప్పుడు ఒకరోజు పోకపోతే నాకే తోచదు.

ఊరు ఎక్కడంటే, తిరుపతి నుంచి రంగంపేట మీదుగా భాకరాపేట కనుమ ఎక్కి దిగి, తలకోనకు పోయే దోవలో నెరబైలు వైపు రావాలి. తిరుపతికి యాభై కిలోమీటర్ల పైనే. తలకోన జలపాతం గురించి అందరికీ తెలుసు, 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుందని చూడ్డానికి వస్తారు, శివరాత్రికి సిద్ధేశ్వరస్వామి గుడికైతే బస్సులు చాలవు. వచ్చిన వాళ్లు మా ఊరిని మాత్రం చూడరు, రోడ్డు పక్కన నాలుగు ఇళ్లు, ఒక చింతతోపు కనిపిస్తాయి, దాటేసి పోతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మేం తిరుపతి జిల్లాలోకి వచ్చాం, మేం వారం వారం సంతకు పోయే పీలేరేమో అన్నమయ్య జిల్లాలోకి పోయింది. అయినా సంచి తీసుకొని అదే బస్సు ఎక్కుతాం.

ఈసారి శివరాత్రి అయిన మూడో రోజు పొద్దున జరిగింది చెప్పాలని కూర్చున్నాను. పాలకేంద్రంలో ఫ్యాట్ చూసే అబ్బాయి ఐదు పేర్లు రాసేసి తలెత్తి, "అవ్వ రాలేదే" అన్నాడు.

అవ్వ అంటే మా సొంత అవ్వ కాదు, మా నాయనకీ చిన్నాయనకీ మేనత్త. ఊరి చివర కొండకు దగ్గరగా ఉన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది, కొడుకు బెంగళూరులో. ఒకే ఆవు, పూటకు రెండు లీటర్లు మించి ఇవ్వదు, కానీ వరసలో మొదటి పేరు ఎప్పుడూ అవ్వదే. ఆమె తర్వాత ఎంత తొందరున్నా మేమందరం. ఆ అబ్బాయి ఆ మాట అనగానే పోయి చూద్దాం అని ఎవరూ అనలేదు, నలుగురం పాల చెంబులు చేతిలోనే పెట్టుకొని నడవడం మొదలుపెట్టాం. అందులో మా అమ్మ, చిన్నమ్మ కూడా ఉన్నారు, ఒకరు ఇటు పక్క, ఒకరు అటు పక్క.

అవ్వ కొట్టంలో పడి ఉంది. రాతిబండ మీద కాలు జారింది, తుంటి దగ్గర పట్టేసి లేవలేకపోయింది. తెల్లవారుజాము నాలుగు నుంచి అట్లే ఉందంట. ఆవు విప్పేసి ఉంది, అంత పెద్ద జంతువు అవ్వ వైపు ఒక్క అడుగు కూడా వేయకుండా గోడకు ఆనుకొని నిలబడి ఉంది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది నాకు. అవ్వ మమ్మల్ని చూసి మొదట అన్న మాట, "పాలు పిండలేదు, పొదుగు గట్టిపడతాది, ముందు దాన్ని చూడండి."

మా ఇళ్లలో ఫోను సిగ్నల్ దొరకదు, నీళ్ల ట్యాంకు దగ్గరి మిట్టెక్కాలి. నేను పరిగెత్తి 108కి చేశాను. కదిలించొద్దన్నారు. అందరం అవ్వ కింద దుప్పటి కూడా పరచకుండా అట్లే చుట్టూ కూర్చున్నాం. చిన్నమ్మ మాత్రం ఏడుస్తూనే ఆవును పక్కకు కట్టేసి పాలు పిండింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా నాయన, చిన్నాయన నాలుగేళ్ల పైగా మాట్లాడుకోరు. 2021 నవంబరులో పడిన వానలు ఈ వైపు వాళ్లెవరూ మరిచిపోలేరు, తిరుపతి వీధులే ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. మా వంక కూడా అప్పుడే గట్టు దాటి పొర్లి మా రెండు కయ్యల మధ్య గెనిమను, అంటే పొలం గట్టును, కొట్టుకుపోయింది. నీళ్లు తగ్గాక నాయన గెనిమ మళ్లీ కట్టించాడు. గజం లోపలికి జరిపి కట్టాడని చిన్నాయన. లేదు, పాత రాయి ఉన్నచోటే కట్టానని నాయన. సర్వే చేయించారు, అది ఇద్దరికీ నచ్చలేదు. అంతే, ఒకే తల్లి బిడ్డలు, ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు, ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడుతుంది, మాట మాత్రం లేదు. ఇందులో ఎవరిది తప్పు అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలిసి గజం నేల కోసం ఇంత పోగొట్టుకోవడమే తప్పు, ఆ మాట నాయనకు మొహాన్నే చెప్పాను, రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు.

ఆ గెనిమ మీదే చింతచెట్టు ఉంది. మా నాయన తాత నాటిందంట. వానకు గెనిమ పోయింది కానీ చెట్టు వేరు కూడా కదల్లేదు. దాన్ని ఎవరు దులపాలి, పండు ఎవరిది అన్న పంచాయితీ వచ్చినప్పుడు అవ్వే పోయి చెట్టు కింద తట్ట బోర్లించి కూర్చుంది. "ముందు దులపండి. పంచేది నేను" అంది. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ అంతే. కాయ దులిపి ఒకచోట పోస్తే అవ్వ తన వెదురు తట్టతో కొలుస్తుంది, ఒక తట్ట పెద్దోడికి, ఒక తట్ట చిన్నోడికి, ఒక తట్ట ఆమెకు. పంచిన కూలి అంటుంది. మూడో కుప్ప ఆమెదే. ఆ లెక్కలో ఇద్దరూ ఎప్పుడూ నోరెత్తలేదు.

సరే, అంబులెన్సు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. తోడుగా ఎవరు పోవాలి? కొడుకు బెంగళూరు నుంచి బయల్దేరినా మధ్యాహ్నం దాటుతుంది. నాయన అవ్వ ఆధారు కార్డు వెతికి జేబులో పెట్టుకొని బండెక్కాడు. చిన్నాయన ఏమీ అడగలేదు, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చి అవ్వ తల దగ్గర కూర్చున్నాడు. తలుపు వేసేశారు. కనుమ మలుపులన్నీ ఆ ఇద్దరూ ఎదురెదురుగా ఎట్లా కూర్చొని పోయారో అని మా అమ్మకు పగలంతా అదే టెన్షన్.

ముందు తిరుపతిలో రుయా ఆస్పత్రికి తీసుకుపోయారు, ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగిందని తేలింది, తర్వాత కొడుకొచ్చి టీటీడీ వాళ్ల బర్డ్ ఆస్పత్రిలో చేర్పించాడు. మా వైపు ఎముక విరిగిందంటే అందరి నోటా వచ్చే పేరు అదే. రాత్రి ఆఖరు బస్సుకు నాయన, చిన్నాయన ఇద్దరూ దిగారు. నాయన ముందు దోవలో, చిన్నాయన పది అడుగులు వెనక. అన్నం పెడుతూ అమ్మ అడిగింది, "ఏమన్నా మాట్లాడుకున్నారా?" నాయన సంగటి ముద్ద కలుపుకుంటూ చాలాసేపు ఆగి, "టికెట్టు వాడే తీసినాడు" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

అవ్వ ఆవును ఎక్కడ పెట్టాలి అన్నది తర్వాతి సమస్య. ఊరి చివర ఖాళీ ఇంటి దగ్గర వదలలేం. శేషాచలం వైపు నుంచి ఏనుగులు ఎప్పుడు దిగుతాయో చెప్పలేం, వచ్చాయంటే అరటి, మామిడి, వరి ఏదీ మిగలదు. కంచె విరుస్తాయి, డ్రిప్పు పైపులు తొక్కేస్తాయి. 1980ల్లో హోసూరు, కృష్ణగిరి అడవుల నుంచి ఈ జిల్లాలోకి ఏనుగులు రావడం మొదలైందని పెద్దవాళ్లు చెబుతారు, అంతకుముందు మా తాతలకు ఏనుగంటే గుడి దగ్గర చూసేదే. 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి నేర్పించినవి, పలమనేరు వైపు వచ్చాయని విన్నప్పుడు పాలకేంద్రం దగ్గర రెండు రోజులు అదే మాట. మాకైతే ఇప్పటికీ టార్చిలైటు, పళ్లెం మోత, టపాకాయలే. ఒక ఇంటి వాళ్లు చూస్తే మిట్టెక్కి మిగతా ఇళ్ల వాళ్లకు కేకేస్తారు.

అందుకని ఆవును మా కొట్టానికి తెచ్చాం. పొద్దున చిన్నమ్మ వచ్చి పిండుతుంది, సాయంత్రం అమ్మ. ఇట్లా చేద్దామని వాళ్లిద్దరూ కూర్చొని అనుకున్నది లేదు. మొదటి రోజు పొద్దున ఐదున్నరకు చిన్నమ్మ చెంబు పట్టుకొని మా వాకిట్లో నిలబడింది, నాలుగేళ్ల తర్వాత మా గడప దగ్గరికి అదే మొదటిసారి రావడం. అమ్మ, "పగ్గం ఎడమ పక్క కట్టు మే, కుడి పక్క తన్నుతాది" అంది. చిన్నమ్మ, "తెలుసులే అక్కా" అంది. ఆ పాలు అవ్వ కార్డులోనే పోస్తున్నాం, వరసలో మొదటి పేరుగానే. ఆ అబ్బాయి కూడా అవ్వ పేరు రాశాకే మిగతా వాళ్లవి రాస్తున్నాడు.

మధ్యలో ఒకరోజు రాత్రి పదకొండుకు కర్ణాటక నంబరు కారు ఒకటి ఊళ్లోకి వచ్చింది, కుక్కలన్నీ ఒకటే మొరుగుడు, మగవాళ్లు ఐదారుగురు టార్చీలు వేసుకొని పోయి కారు ఆపారు. మా దగ్గర రాత్రిపూట కొత్త బండి అంటే ముందు గుర్తొచ్చేది ఎర్రచందనమే. ఆ చెట్టు మా శేషాచలంలో, చుట్టుపక్కల ఈ కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. పేరులో చందనం ఉంది కానీ వాసనే ఉండదు, అయినా దానికోసం ఎంతమంది జైళ్లకు పోయారో, ఎంతమంది ప్రాణాలు పోయాయో. తీరా చూస్తే కారులో ఉన్నది అవ్వ కొడుకు, బ్యాంకు పుస్తకం కోసం వచ్చాడు. పట్టుకున్న వాళ్లే ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టారు.

ఇక చెట్టు. ఈ ఏడు విరగకాసింది. చింత ఒక ఏడు బాగా కాస్తే ఇంకో ఏడు తగ్గిస్తుంది, పోయినేడాది తగ్గింది కాబట్టి ఈసారి కొమ్మలు కిందికి వంగిపోయాయి. కాయ పండి తనంతట తనే రాలుతోంది, కోతులు సగం తింటున్నాయి. నాయన రోజూ పొద్దున పోయి చూసి వస్తాడు. చిన్నాయన కూడా అంతే, వేరే టైముకు. దులపమని ఒకరు అనరు, దులుపుతానని ఇంకొకరు అనరు. గుత్తకు అడుగుతూ పీలేరు వ్యాపారి ఒకాయన వచ్చాడు. నాయన "నా ఒక్కడిది కాదు" అని పంపించాడు, చిన్నాయన దగ్గరికి పోతే ఆయనా అదే మాట చెప్పాడంట.

చివరికి పోయిన ఆదివారం అమ్మ, చిన్నమ్మ, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్లం దోటి తీసుకొని పోయాం. మగవాళ్లకు చెప్పలేదు. చెట్టెక్కడానికి చిన్నమ్మ కొడుకు ఉన్నాడు, ఇంటర్ చదువుతున్నాడు, కొమ్మ కొమ్మకూ కోతి కంటే వేగంగా పోయాడు. మధ్యాహ్నానికల్లా కింద నేల కనిపించనంత కాయ. ఏరి పోసేసరికి నడుములు పడిపోయాయి. అప్పుడు అమ్మ అవ్వ ఇంటికి పోయి ఆ వెదురు తట్ట తెచ్చింది. అంచు ఒకచోట విరిగి గుడ్డతో కట్టి ఉంటుంది, అదే. ఎవరు కొలవాలి అని ఒక్క క్షణం అందరం ఆగిపోయాం. అమ్మ తట్టను చిన్నమ్మ చేతికిచ్చింది. చిన్నమ్మ ఒక తట్ట పోసి మళ్లీ అమ్మ చేతికిచ్చింది. అట్లా మార్చి మార్చి మూడు కుప్పలు పోశారు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మా వసారాలో చింతపండు కొట్టే పని నడుస్తోంది. ఎండిన కాయ పెంకు తీసి, నార లాగి, రాయి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజ తీయడం, వేళ్లకు జిగురు పట్టి సాయంత్రానికి ముడుచుకుపోతాయి. మూడు కుప్పలూ ఒకే వసారాలో, కానీ కలవకుండా. చిన్నపిల్లలు గింజలు ఎత్తుకుపోయి వామనగుంటలు ఆడుతున్నారు. నాయన వసారాలోకి వచ్చి కుప్పలు చూసి, ఎవరు పంచారు అని కూడా అడక్కుండా, మూడో కుప్ప మీద ఎండ పడుతుందో లేదో చూసి కొంచెం జరిపి పోయాడు.

నిన్న అవ్వ కొడుకు ఫోను చేశాడు, ఆపరేషన్ బాగా జరిగిందని, వాకర్ పట్టుకొని నాలుగు అడుగులు వేసిందని. నేను ట్యాంకు మిట్ట మీద ఉన్నాను. ఫోను అవ్వకు ఇచ్చాడు.

"పాలు ఎవరి కార్డులో పోస్తా ఉండారు?"

"నీ కార్డులోనే అవ్వా."

"ఫ్యాట్ ఎంతొస్తా ఉంది?"

"మూడు ఎనిమిది."

"నా చేతిలో నాలుగుకు తక్కువ రాలా. తవుడు తగ్గించినారు మీరు." కొంచెంసేపు ఆగింది. "చెట్టు?"

"దులిపేశాం అవ్వా. అమ్మా, చిన్నమ్మా పంచారు."

"యా తట్టతో?"

"నీ తట్టతోనే."

అటు వైపు నుంచి మాట రాలేదు, ఫోను కట్టయిందేమో అని చూశాను. తర్వాత మెల్లగా, "నా కుప్ప కొట్టొద్దని చెప్పు మీ అమ్మకు. ఎండబెట్టి అట్లే పెట్టండి. గింజ నేనొచ్చి తీసుకుంటా" అంది.