డిశ్చార్జ్ అన్నాక కూడా ఖాళీ కాని బెడ్

వార్డు నిండిపోయిందనగానే కొత్త బెడ్ల మాటే వస్తుంది. లెక్క వేస్తే, సగటున రోజుకు 20 మంది చేరి ఒక్కొక్కరు 5 రోజులుంటే 100 బెడ్లు కావాలి. తలా సగం రోజు తగ్గితే 90 చాలు. వైద్యంలో కోత పెట్టకుండానే ఆ సగం రోజు దొరుకుతుంది. చాలావరకు అది ఎదురుచూపుల్లో పోయే సమయమే.

ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వార్డుల్లో రోజుల్ని ఎర్రవి, పచ్చవి అని విడదీసే పద్ధతి ఉంది. తెల్లారేసరికి అందరిదీ ఎర్ర రోజే. ఆస్పత్రిలో మాత్రమే జరిగే పని, పేషెంటును ఇంటికి దగ్గర చేసేది, ఆ రోజు జరిగితేనే పచ్చ.

న్యుమోనియాతో చేరిన ఒక పెద్దావిడనే తీసుకోండి. మూడో రోజుకు జ్వరం లేదు, మాత్రలు మింగగలదు. అయినా నరం ద్వారా ఎక్కించే ఐవీ యాంటీబయాటిక్ నడుస్తూనే ఉంది, మార్చమని ఎవరూ రాయలేదు కాబట్టి. ఆక్సిజన్ తీసి చూడలేదు. మెట్లు ఎక్కించాల్సిన ఫిజియో రేపొస్తారు. కొడుక్కి కబురు డిశ్చార్జ్ రోజు పొద్దున్నే. ఒక్కోటీ పూటే, అన్నీ కలిస్తే రెండు రోజులు.

చేరినప్పట్నుంచి ఇంటికెళ్లేదాకా పేషెంటు పనులన్నీ సమన్వయం చేసే కేస్ మేనేజర్ పని ఇక్కడే. చేరిన 24 గంటల్లోపు ఇంట్లో ఎవరున్నారు, మెట్లున్నాయా, ఇదివరకు ఎలా నడిచేవారు అని అడిగి, ఇంటికెళ్లే తేదీ ఫలానా అని కుటుంబానికి చెప్పాలి. తేదీతో పాటు షరతులూ రాయాలి: ఆక్సిజన్ పెట్టకుండా రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిలవాలి, ఎంత దూరం నడవాలి. అలా రాసి ఉంటే ఆదివారం డ్యూటీ డాక్టరు కూడా పంపించగలరు, లేదంటే సోమవారం దాకా ఆగడమే.

మందులు, డిశ్చార్జ్ సమ్మరీ ముందురోజు సాయంత్రమే సిద్ధం కావాలి. డాక్టర్ల రౌండ్లో ముందు సీరియస్ కేసులు, వెంటనే ఇంటికెళ్లేవాళ్లు, తర్వాతే మిగతావాళ్లు. అందరూ సాయంత్రం అయిదుకు కదిలితే క్లీనింగూ ఒక్కసారే మీద పడుతుంది, ఎమర్జెన్సీలో పొద్దుట్నుంచీ ఉన్నవాళ్లు స్ట్రెచర్ మీదే ఉంటారు.

ఇదంతా ఎక్కడ చెడుతుందంటే, తేదీని చప్పుడు లేకుండా జరపడంలో. మొదటి తేదీ కొట్టేయకూడదు, పక్కనే కారణం రాయాలి. "కుటుంబ కారణాలు" అంటే ఏమీ రాయనట్టే. "ఇంట్లో వాడే ఆక్సిజన్ మిషన్ రాలేదు, ఆర్డర్ ఎవరూ పెట్టలేదు" అంటే పని మొదలవుతుంది.

నెలాఖరు లెక్కలో సగటును నమ్మొద్దు. తొమ్మిది మంది 3 రోజులుండి, ఒకరు 60 రోజులుంటే సగటు 8.7 వస్తుంది. మధ్యస్థం, అంటే అందరినీ వరుసలో పేర్చితే నడిమధ్య వచ్చే అంకె, 3. ఏడు రోజులు దాటినవాళ్ల జాబితా విడిగా పెట్టి, 30 రోజుల్లో తిరిగి చేరినవాళ్ల సంఖ్యనూ పక్కనే చూడండి. అది పెరుగుతుంటే తొందరపడి పంపుతున్నారేమో చూసుకోవాలి.