స్వామి ఊళ్లో లేనప్పుడు అహోబిలం

సంక్రాంతి వెళ్లాక అహోబిలం వెళ్తే నరసింహస్వామి ఉత్సవమూర్తులు గుళ్లో కనిపించరు. కనుమ నాడే పల్లకి ఎక్కి పల్లెల మీదికి బయల్దేరిపోతారు. దాదాపు 40 రోజులు, 30కి పైగా ఊళ్లు. ఇదే పార్వేట. నేను కావాలనే ఆ రోజులు చూసుకుని వెళ్లాను.

ఆళ్లగడ్డలో బస్సు మారి దిగువ అహోబిలం చేరాను. విజయనగర శైలి మండపాలు, గుడి బయట కృష్ణదేవరాయల జయస్తంభం చూసుకుని త్వరగానే ఎగువకు బయల్దేరాను. నల్లమల అసలు అందం అక్కడే మొదలవుతుంది. కొండ గుహలో ఉగ్రనరసింహుణ్ణి దర్శించుకుని, భవనాశి వాగు పట్టుకుని జ్వాలా నరసింహుడి దాకా నడిచాను. జనవరి కాబట్టి వాగులో నీళ్లు తక్కువ, దారంతా బండరాళ్లు. దైవం తప్ప ఇంకెవరూ వెళ్లి చూడలేని చోటని తమిళ వైష్ణవ కవి తిరుమంగై ఆళ్వారు పాడింది ఈ కొండనే. ఇప్పుడు మెట్లూ రెయిలింగులూ ఉన్నా ఆయన మాట పూర్తిగా పాతబడలేదు. నరసింహుడు వెలువడిన స్తంభమని చెప్పుకునే కొండకొమ్ము ఉగ్రస్తంభానికి మాత్రం కింద నుంచే దండం పెట్టాను. ఎక్కి దిగొచ్చిన కుర్రాళ్ల మోకాళ్లు చూశాక నా నిర్ణయం మీద గౌరవం పెరిగింది.

సాయంత్రం స్వామిని వెతుక్కుంటూ ఆటోలో ఒక పల్లెకు వెళ్లాను. ఊరంతా ముగ్గులు, మామిడాకులు. పల్లకి ఇంకా రాలేదు. "సామి పక్కూర్లోనే ఉండాడు నాయనా, అంత తొందరగా వదుల్తారా వాళ్లు!" అందొక అవ్వ. పండక్కి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలతో ఇళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి.

నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఈ అడవి చెంచులకు అల్లుడు. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల్లో తన కల్యాణానికి రమ్మని ఇంటింటా పిలవడానికే ఈ తిరుగుడంతా. బయల్దేరేటప్పుడు చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకి వైపు బాణాలు వేస్తారట. అల్లుడితో ఆ మాత్రం చనువు ఉండాలి మరి!

బాగా చీకటి పడ్డాక మేళాలు వినిపించాయి. బోయీలు పల్లకి తెచ్చి అరుగు మీద దించారు. లోపల ఇద్దరు మూర్తులు: ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు. గుళ్లో అయితే క్యూ, తోపులాట, 'జరగండి జరగండి' అనే కేక. ఇక్కడ ఒకాయన స్వామి ముందు నిలబడి తన బోరు ఎండిపోయిన సంగతి తీరిగ్గా చెప్పుకుంటున్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు. ఇంత దగ్గరగా, ఇంతసేపు దేవుణ్ణి నేనెక్కడా చూడలేదు.

"పెళ్లికొస్తావా?" అని అడిగింది అవ్వ. వస్తానన్నాను.

"అయితే ఇప్పుడే రూము మాట్లాడుకో. అప్పుడు జనం ముందర సామికే చోటుండదు."