ముత్తుకూరు ఐసు నుంచి గుల్‌మార్గ్ మంచు దాకా

ఇరవై రెండేళ్లుగా నేను ఐసు లెక్కలు రాస్తున్నాను. ముత్తుకూరు దారిలో ఉన్న ఒక ఐసు ప్లాంటులో గుమాస్తాను. ఎన్ని దిమ్మలు దిగాయి, ఎన్ని రొయ్యల లారీలకు ఎక్కాయి, దారిలో ఎంత కరిగిపోయిందని ఎవరు గొడవ పెట్టుకున్నారు, నా పుస్తకం నిండా ఇవే. ఉప్పునీటి తొట్టిలో రేకు డబ్బాలు దించి, అమ్మోనియా యంత్రం ఆగకుండా చూసుకుని, కరెంటు పోకూడదని దేవుడికి దండం పెట్టుకుంటే ఒక దిమ్మ గట్టిపడడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అలాంటి సరుకు ఆకాశం నుంచి ఊరికే రాలుతుందని తెలిసినా, వెళ్లి చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. అనిపించింది మా అమ్మాయికి.

అది ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. దసరా సెలవుల్లో వచ్చి, "మంచు చూడటం కాదు నాన్నా, దాని మీద జారాలి. స్కీయింగ్ నేర్చుకోవాలి" అంది. పక్కనే మా బావమరిది ఉన్నాడు. ఒంగోలులో సెల్‌ఫోన్ల దుకాణం. ఏ ప్రయాణానికైనా అందరికంటే ముందు ఎగిరేదీ, చివర్లో ఖర్చు చూసి నీరసపడేదీ వాడే. అందుకని ముందే గీత గీశాం. ముగ్గురం వెళ్తాం, ఇల్లు కదిలి ఇల్లు చేరేదాకా మనిషికి 40,000 రూపాయలు దాటకూడదు. మా ఆవిడ ఆ అంకె విని, "ఈ రోజుల్లో ఆ డబ్బుకు అర కాసు బంగారం కూడా రాదులెండి, వెళ్లిరండి" అంది. అది అనుమతో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎక్కడికి వెళ్లాలన్నది తేలడానికే నెల పట్టింది. ఉత్తరాఖండ్‌లోని ఔలీ అనుకున్నాం. పేరున్న చోటే. కానీ రిషికేశ్ నుంచి ఒక రోజంతా ఘాట్ రోడ్డు, పైగా ఆ దారిలోనే ఉన్న జోషీమఠ్‌లో 2023లో ఇళ్లు బీటలు వారినప్పటి దృశ్యాలు ఇంకా కళ్లలో ఉన్నాయి. మనాలి పక్కన సోలాంగ్ చవకే. అయితే అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లలో ఎక్కువ మంది గంట లెక్కన అద్దె కట్టి, స్కీలు తొడుక్కుని, ఫోటో దిగి వచ్చినవాళ్లే. సిమ్లా దగ్గర నార్‌కండా మా అమ్మాయికి చిన్నదిగా కనిపించింది. గుల్‌మార్గ్ శ్రీనగర్‌కు 50 కిలోమీటర్లే. పెద్ద ఊరు అంత దగ్గర ఉంటే మందుల దుకాణం, ఆసుపత్రి, బ్యాంకు, తిరుగు రైలు అన్నీ చేతికి అందేంత దూరంలో ఉంటాయి. పొదుపు ప్రయాణంలో ఊరికి దగ్గరగా ఉండటమే సగం పొదుపు.

అయితే అది కాశ్మీరు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపినప్పుడు, చనిపోయినవారిలో మా కావలికి చెందిన మనిషి కూడా ఉన్నారు. శవపేటిక ఊరికి వచ్చిన రోజు మా ప్లాంటులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందుకే కాశ్మీరు అన్న మాట వినగానే మా అమ్మ వద్దని కూడా అనలేదు, కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. ఆ భయానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజుల తరువాత తనే పిలిచి, "పూటకోసారి ఫోను చేయాలి, చేయకపోతే నేను అన్నం ముట్టను" అంది.

ఆ షరతు మమ్మల్ని ఒక చిక్కు నుంచి కాపాడింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీరులో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తాయి. పూటకోసారి ఫోను సంగతి వినగానే దుకాణం అనుభవం కొద్దీ బావమరిదికి ఇది గుర్తుకొచ్చింది. మూడు నంబర్లనూ బయలుదేరే ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చాడు. లేకపోతే కొండల్లోకి దిగగానే మా ఫోన్లు మూగబోయేవి, నెల్లూరులో మా అమ్మ పస్తుండేది.

తరువాత తేదీలు. ఇక్కడే నా వృత్తి అడ్డొచ్చింది. ఐసు కావాలంటే చేసుకోవచ్చనే ధీమాలో బతికినవాణ్ణి. చలికాలమైతే మంచు ఉండదా అనుకున్నాను. కాశ్మీరీలు డిసెంబరు 21 నుంచి 40 రోజుల కాలాన్ని చిల్లై కలాన్ అంటారు. ఏడాదిలో అసలు చలి అదే. దాని వెనుక 20 రోజుల చిల్లై ఖుర్ద్, 10 రోజుల చిల్లై బచ్చా వస్తాయి. లెక్కకు జనవరి మధ్యలో వెళ్తే సరిపోవాలి. కానీ 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు గోధుమ రంగులో బోసిగా కనిపించాయి. 2025లో అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఫిబ్రవరిలో జరగవలసినవి, మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. దేశమంతటి నుంచి క్రీడాకారులు రావలసిన పోటీలకే ఆ గతి పడితే ముగ్గురు నెల్లూరోళ్ల సంగతి చెప్పాలా? అందుకని ఫిబ్రవరి రెండో వారం పెట్టుకుని, నాలుగు రోజుల పాఠాలకు ఆరు రోజుల బస రాసుకున్నాం. ఆ రెండు ఖాళీ రోజులు దండగని బావమరిది వారం పాటు పోరాడాడు. మా ప్లాంటులో ఫిబ్రవరి గిరాకీ తక్కువ నెల కాబట్టి నాకు సెలవు దొరికింది. లేకపోతే అసలు ఈ కథే లేదు.

పాఠాల విషయంలో మొదట కేంద్ర పర్యాటక శాఖ నడిపే శిక్షణ సంస్థను అనుకున్నాం. 1968 నుంచి గుల్‌మార్గ్‌లో ఉంది. బస, తిండి, సామగ్రి, పాఠం అన్నీ కలిపి నేర్పుతారు, నిజానికి అంతకంటే చవక మార్గం లేదు. కానీ వాళ్ల బ్యాచ్ తేదీలూ మా అమ్మాయి పరీక్షలూ ఒకేసారి వచ్చాయి. దాంతో విడిగా గురువును కుదుర్చుకున్నాం. గుల్‌మార్గ్‌లో ఒక రాత్రికి అడిగిన డబ్బుతో 13 కిలోమీటర్లు కింద ఉన్న టంగ్‌మార్గ్‌లో మూడు రాత్రులు గడుస్తాయి కాబట్టి బస అక్కడ పెట్టుకున్నాం. బట్టలకు ఖర్చు పెట్టలేదు. తిరుమల చలికని ఎప్పుడో కొన్న మంకీ క్యాపులు, ఒంటికి అతుక్కునే ఉన్ని లోబట్టలు, పైకోటు అక్కడే అద్దెకు.

మేమిద్దరం నెల్లూరులో అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, బావమరిది ఒంగోలులో ఇడ్లీ పొట్లాలతో ఎక్కాడు. అది జమ్మూ వైపున్న కట్రా దాకా నేరుగా వెళ్తుంది. రెండు రాత్రులు రైల్లోనే. ఢిల్లీ దాటాక కిటికీలోకి తెల్లటి పొగమంచు తప్ప మరేమీ రాలేదు కాబట్టి ఆ ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు.

కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ 2025 జూన్‌లో మొదలైంది. మూడు గంటల దారి. అంతకుముందు ఈ దారిలో చాలా భాగం రోడ్డు మీదే, కొండచరియ విరిగిపడితే రోజుల తరబడి లారీల వెనుక పడిగాపులు. దారిలో ఎక్కువ భాగం సొరంగాలే. చీనాబ్ వంతెన నదికి 359 మీటర్ల ఎత్తున ఉంటుందని బావమరిది ఫోను పట్టుకుని కాచుకున్నాడు. ఆవలింత వచ్చి కళ్లు మూసి తెరిచేసరికి వంతెన అయిపోయి మళ్లీ చీకటి. కానీ బనిహాల్ తరువాత 11 కిలోమీటర్ల పీర్ పంజాల్ సొరంగం ఉంది. అందులోకి వెళ్లేటప్పుడు బయట రాళ్లు, ఎండిన గడ్డి. ఇవతలికి వచ్చేసరికి లోయంతా తెలుపు. పెట్టెలో మాటలు ఆగిపోయాయి. మా అమ్మాయి నా చేయి పట్టుకుంది, పన్నెండేళ్ల వయసు తరువాత అది అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

టంగ్‌మార్గ్‌లో మా బస సంగతి కొంచెం చెప్పాలి. ఫోటోలో గదికి హీటరు ఉంది. గదిలో హీటరు స్థానంలో కరెంటు దుప్పటి ఉంది, కరెంటు స్థానంలో కొవ్వొత్తి ఉంది. పొద్దున కుళాయి తిప్పితే గాలి వచ్చింది, గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయట. ఐసు ప్లాంటు గుమాస్తాకు అది పరాభవమే. ఇల్లు నడిపే పెద్దాయన మాత్రం మంచి మనిషి. కంగ్డీ అనే నిప్పుల కుంపటి తెచ్చిచ్చాడు. లోపల మట్టి ముంత, చుట్టూ అల్లిన బుట్ట. దాన్ని ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల పొట్ట దగ్గర పెట్టుకుని ఊళ్లో తిరుగుతారు. భోజనానికి అన్నం, హాక్ అనే ఆకుకూర. వాళ్లు అన్నాన్ని బత్త అంటారు. నాకు మన బత్తెం గుర్తొచ్చింది. పక్కన మా కందిపొడి, గోంగూర పెట్టుకుని తిన్నాం. ఆయన కూడా గోంగూర రుచి చూసి, కాసేపు మాట్లాడకుండా, మళ్లీ చేయి చాపాడు.

మొదటి రోజంతా మంచు కురుస్తూనే ఉంది. పైకి గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే వదులుతున్నారు, అవీ మధ్యాహ్నానికి ఆగిపోయాయి. ఒక ఖాళీ రోజు అలా ఖర్చయింది. బావమరిది వైపు చూశాను. వాడు కంగ్డీలోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు గుల్‌మార్గ్. సుమారు 2,650 మీటర్ల ఎత్తు. పెంచలకోనే పెద్ద కొండ అనుకునే మాకు అక్కడి మైదానమే మేఘాల మీద ఉన్నట్టుంది. దిగగానే స్లెడ్జి లాగేవాళ్లు, గుర్రాలవాళ్లు చుట్టుముట్టారు. వద్దు అని పది మందికి పది సార్లు చెప్పాలి, కోపం లేకుండా. చలికాలం వాళ్లకు నాలుగు నెలల తిండి గింజలు.

నేను ముందు వంగి పిడికెడు మంచు తీసుకున్నాను. మా క్రషర్ నుంచి రాలే ఐసు తడిగా, పలుగురాళ్ల ముక్కల్లా ఉంటుంది, చేతులు కోసుకుపోతాయి. ఇది బరువే లేదు. నొక్కాను, ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి బియ్యప్పిండిలా జారిపోయింది. కోటు చేతి మీద పడిన పలుకు ఒకటి అలాగే నిలిచింది, ఆరు కొమ్ములతో. నా ఊపిరి తగిలి మాయమైంది. "ముద్ద కట్టకపోతే మంచి మంచన్నమాట" అన్నాడు మా గురువు హిందీలో. టంగ్‌మార్గ్ కుర్రవాడే, ముప్పై ఏళ్లుంటాయి. ఆ వాలు మీద పడి ఉన్న సరుకు చేయడానికి మా ప్లాంటుకు ఎన్నేళ్లు పడుతుందో లెక్క కట్టబోయి మానేశాను.

స్కీ బూట్లు తొడుక్కోవడమే ఒక పాఠం. గట్టి ప్లాస్టిక్ డొప్పలు, ముందువైపు బిగింపులు. చీలమండ అసలు కదలదు, మోకాలు ముందుకు వంచితేనే నడక. బొటనవేలి వైపు ముందు ఆనించి మడమ తొక్కితే టక్‌మని స్కీ పట్టుకుంటుంది. ఆ రోజు జారడం లేదు. పీతలా పక్కకు అడుగులేస్తూ వాలు ఎక్కడం, పడటం, లేవడం. పడితే పక్కకు పడాలి, వెనక్కి పడకూడదు. లేచే ముందు రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా తెచ్చుకోవాలి, లేకపోతే లేచిన మరుక్షణం మళ్లీ ప్రయాణమే. యాభైకి దగ్గరపడిన మనిషి నలుగురిలో పదిసార్లు పడి లేవడానికి సిగ్గు పడతాడనుకున్నాను. నాలుగోసారికి సిగ్గు పోయింది, నడుం నొప్పి మిగిలింది.

రెండో రోజు ఆగడం నేర్పాడు. స్కీల కొనలు దగ్గరగా, వెనుక భాగాలు దూరంగా. మంచు దున్నే నాగలి అన్నమాట. లోపలి అంచులను నొక్కితే వేగం తగ్గుతుంది. మాటకు ఇంతే. కాళ్లకు అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. "కాళ్ల వైపు చూడొద్దు, వెళ్లే చోటు చూడు" అని అరుస్తూనే ఉన్నాడు. నేను టీ కొట్టు చూశాను. సరిగ్గా దాని వైపే వెళ్లాను, నాగలి పడలేదు, కహ్వా అనే కాశ్మీరీ టీ తాగుతున్న ఒక సర్దార్జీ లేచి పక్కకు తప్పుకుని, నేను ఆగాక నాకే ఒక కప్పు తెప్పించాడు. బావమరిది ఆ సాయంత్రమే స్కీలు తిరిగిచ్చేసి, ఇక చూస్తానన్నాడు. మా అమ్మాయి మాత్రం మూడో రోజుకు కుడికీ ఎడమకూ మలుపులు తిప్పింది. దూరం నుంచి ఎర్ర కోటు ఒకటి వాలు మీద పాములా దిగుతుంటే, ఎవరో బాగా దిగుతున్నారనుకున్నాను.

కొండ పైకి తీసుకెళ్లే తీగబండి గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవాలి, అక్కడికి వెళ్లి దొరుకుతాయనుకుంటే కష్టం. మొదటి దశ కొంగ్‌దూరి దాకా, రెండో దశ దాదాపు 3,950 మీటర్ల దాకా. గాలి ఎక్కువని మేం వెళ్లిన రోజు రెండోది ఆపేశారు. పై వాలులు మాలాంటి వాళ్లకు కావు కాబట్టి బాధపడలేదు. మా అమ్మాయి పడింది.

మొత్తం ఖర్చు మనిషికి 38,000 చిల్లర. గురువు రుసుములో బేరమాడకపోవడమే మేం చేసిన తెలివైన పని అని నా అభిప్రాయం. బావమరిది ఒప్పుకోడు.

చివరి సాయంత్రం గురువుకు నెల్లూరు మలై కాజాల పెట్టె ఇచ్చాం. ఒకటి తిని, కళ్లు పెద్దవి చేసి, ఇంకొకటి పిల్లల కోసమని జేబులో పెట్టుకున్నాడు. పెట్టె మొత్తం నీదేనని చెప్పాల్సి వచ్చింది. మీ ఊళ్లో ఏముందని అడిగాడు. సముద్రం అన్నాను. ఎప్పుడూ చూడలేదట.

"నీళ్లు నిజంగానే ఉప్పగా ఉంటాయా?"

"నోట్లో పెట్టుకోలేనంత."

"గడ్డకట్టవా?"

"మా దగ్గర గడ్డకట్టించాలంటే యంత్రం కావాలి. దాని లెక్కలు రాసేది నేనే" అన్నాను. నవ్వాడు. మైపాడు తీరం ఫోటోలు చూపించింది మా అమ్మాయి. చాలాసేపు చూశాడు. తరువాత అచ్చం మేం దసరా నాడు మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు. రైలు ఎక్కడ మారాలి, గది ఎంత, పిల్లలకు ఈత రాకపోతే ఎలా. వేసవిలో గుల్‌మార్గ్‌లో మంచు పని ఉండదు కాబట్టి ఏ నెలలో వస్తే బాగుంటుందని అడిగాడు.

"మే నెలలో మాత్రం వద్దు" అన్నాం ముగ్గురం ఒకేసారి.