పాత వేబ్రిడ్జి ఇండికేటర్‌ని కొత్త ల్యాప్‌టాప్‌కి కలిపిన వైనం: నా అనుభవం

రైస్ మిల్లు కాటా గదిలో పాత డెస్క్‌టాప్ పోయి, విండోస్ 11 ల్యాప్‌టాప్ వచ్చింది. వేబ్రిడ్జి ఇండికేటర్, అంటే లారీ కాటా తూకం అంకెలు చూపించే పెట్టె, మాత్రం పాతదే. దాని వెనక తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 (పాతకాలపు సీరియల్) పోర్టు ఉంది, ల్యాప్‌టాప్‌కి అలాంటిది లేదు. మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే సరి అంటారు. సరే, కానీ కన్వర్టర్, కేబుల్, ఇండికేటర్, సాఫ్ట్‌వేర్ నాలుగూ ఒకేసారి తగిలించేస్తే, తూకం రానప్పుడు తప్పెవరిదో తేలదు. అందుకే ఒక్కొక్కటీ విడిగా తేల్చుకుంటూ వెళ్లాను.

కన్వర్టర్ కొనేటప్పుడు పైన ఉన్న పేరు కంటే లోపలి చిప్ ఏమిటో చూడాలి. బజారులో ఎక్కువగా దొరికేవి ఎఫ్‌టీ232ఆర్, పీఎల్2303, సీహెచ్340, సీపీ2102. నేను ఎఫ్‌టీ232ఆర్ ఉన్నది తీసుకున్నాను. అందులో చిప్‌కి సొంత సీరియల్ నంబరు ఉంటుంది కాబట్టి ఏ యూఎస్‌బీ సాకెట్లో పెట్టినా అదే కామ్ నంబరు (సీరియల్ పోర్టుకి విండోస్ ఇచ్చే నంబరు) వస్తుంది. సీహెచ్340లో మామూలుగా ఆ నంబరు ఉండదు. పక్క సాకెట్లోకి మారిస్తే కామ్3 కాస్తా కామ్5 అయి కూర్చుంటుంది, తూకం సాఫ్ట్‌వేర్‌కి అది తెలియదు. పీఎల్2303లో పాత హెచ్ఎక్స్ఏ రకాన్ని విండోస్ 8 నుంచి కంపెనీ డ్రైవరే వదిలేసింది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తే డ్రైవర్ల కోసం వెతుకుతూ కూర్చోవడం దండగ, కన్వర్టర్ మార్చడమే మేలు.

ఇంకో జాగ్రత్త. పిన్నులు బయటికి కనిపించే చిన్న బోర్డులు కూడా యూఎస్‌బీ-సీరియల్ పేరుతోనే అమ్ముతారు. అవి 3.3 లేదా 5 వోల్టుల టీటీఎల్ బోర్డులు, అంటే వాటి సిగ్నల్ సున్నాకీ ఆ వోల్టేజీకీ మధ్యే తిరుగుతుంది. ఆర్ఎస్-232లో లైను ప్లస్‌కీ మైనస్‌కీ ఊగుతుంది: మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల వరకు 1, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టుల వరకు 0. ఆ వోల్టేజీ నేరుగా టీటీఎల్ బోర్డుకి తగిలితే అది కాలిపోవచ్చు.

కన్వర్టర్‌ని ఇండికేటర్‌కి తగిలించకుండానే పరీక్షించాను. అందుకునే 2వ పిన్నునీ పంపే 3వ పిన్నునీ చిన్న తీగ ముక్కతో కలిపి, పుట్టీ (PuTTY) అనే ప్రోగ్రాములో సీరియల్ ఎంచుకుని, కామ్ నంబరు ఇచ్చి తెరిచాను. టైపు చేసిన అక్షరం తెర మీద కనిపిస్తే కన్వర్టర్, డ్రైవరు రెండూ బాగున్నట్టే. తీగ తీసేశాక అక్షరాలు ఆగిపోవాలి, అది కూడా చూడాలి. పుట్టీలో ఫ్లో కంట్రోల్ (డేటాని ఆపి, మళ్లీ పంపించే ఏర్పాటు) మామూలుగా ఎక్సాన్-ఎక్సాఫ్ మీద ఉంటుంది, దాన్ని None చేయాలి. తర్వాత మల్టీమీటర్ నల్ల తీగ 5వ పిన్ (గ్రౌండ్) మీద, ఎర్ర తీగ 3వ పిన్ మీద పెట్టి చూశాను. ఏమీ పంపనప్పుడు అక్కడ మైనస్ 5 వోల్టులో, అంతకు మించో ఉండాలి. కొన్ని చవక కన్వర్టర్లలో వోల్టేజీ లెవెల్ మార్చే భాగమే ఉండదు, మైనస్ రాదు. అవి కొన్ని పరికరాలతో పనిచేసి, కొన్నిటితో మొరాయిస్తాయి.

ఇదే మీటరు కిటుకు ఇండికేటర్ వైపూ పనికొస్తుంది. దాని మాన్యువల్ ఎప్పుడో పోయింది. ఏ పిన్ నుంచి డేటా పంపుతోందో కనుక్కోవడానికి నల్ల తీగ 5 మీద ఉంచి 2, 3 రెండూ చూశాను. పంపే పిన్ మీద మైనస్ వోల్టేజీ ఉంటుంది, అందుకునే పిన్ మీద దాదాపు సున్నా. ఆగకుండా పంపే రకమైతే మీటరు అంకె నిలవదు, ఊగుతూనే ఉంటుంది. అది కూడా పంపే పిన్నేనని చెప్పినట్టే. ఈ ఇండికేటర్లో మైనస్ 3వ పిన్ మీద వచ్చింది. కన్వర్టర్ అందుకునేది 2వ పిన్ మీద. కాబట్టి క్రాస్ కేబుల్ కావాలి: ఇటు 2 అటు 3కి, ఇటు 3 అటు 2కి, 5 నుంచి 5కి. మైనస్ 2వ పిన్ మీద వచ్చి ఉంటే స్ట్రెయిట్ కేబుల్ సరిపోయేది. పరికరం వెనక 25 పిన్నుల పోర్టు ఉంటే లెక్క మారుతుంది, అక్కడ గ్రౌండ్ 7వ పిన్.

ఈ మూడు తీగలకు మించి నేను కలపలేదు. కొన్ని పరికరాలు సీటీఎస్ సిగ్నల్ (ఇక పంపవచ్చు అని అవతలి వైపు ఇచ్చే అనుమతి) అందితే గాని నోరు విప్పవు. అలాంటప్పుడు పరికరం వైపు కనెక్టర్‌లోనే 7ని 8తో, 4ని 6, 1తో కలిపి టంకం పెడితే చాలు.

అసలు తిరకాసు సెట్టింగుల్లో ఎదురైంది. డేటా వేగం (సెకనుకి ఇన్ని బిట్లు) 9600లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులే. 4800 కూడా అంతే. 2400లో అంకెలు కనిపించాయి. ఖాళీ కాటా మీద సున్నాలన్నీ చక్కగా వచ్చాయి. లారీ ఎక్కాక మాత్రం 23450 కిలోలకి బదులు 3, 5, 0 మాత్రమే సరిగా వచ్చి, 2, 4 ఉండాల్సిన చోట ఏవో గుర్తులు వచ్చాయి. కేబుల్ లూజు అనుకుని ఇక్కడే చాలామంది కనెక్టర్ మార్చేస్తారు. లూజు కనెక్షన్ అయితే ఒక్కోసారి ఒక్కో అంకె చెడాలి గానీ, ఎప్పుడూ అవే అంకెలు చెడవు.

కారణం పారిటీ, అంటే తప్పులు పట్టడానికి ప్రతి అక్షరానికీ చేర్చే అదనపు బిట్. ఇండికేటర్ పంపుతున్నది 7 బిట్లు, ఈవెన్ పారిటీ. ల్యాప్‌టాప్ చదువుతున్నది 8 బిట్లు, పారిటీ లేకుండా. ఈవెన్ పారిటీలో అక్షరం కోడులోని 1లు బేసి సంఖ్యలో ఉంటే, లెక్క సరి చేయడానికి ఎనిమిదో బిట్‌గా ఇంకో 1 చేరుస్తారు. 0, 3, 5, 6, 9 అంకెల కోడుల్లో 1లు సరి సంఖ్యలోనే ఉంటాయి కాబట్టి అవి మారకుండా వస్తాయి. 1, 2, 4, 7, 8 చెడిపోతాయి. ఈ పది అంకెల గుర్తు మనసులో ఉంటే చాలు, తెర చూడగానే పారిటీ తప్పని చెప్పేయవచ్చు. వరస ముగిసిందని చెప్పే 13వ కోడు కూడా ఇందులో చెడిపోతుంది, దానికోసం కాచుకునే సాఫ్ట్‌వేర్ అలాగే నిలబడిపోతుంది. పుట్టీలో డేటా బిట్స్ 7, పారిటీ ఈవెన్, స్టాప్ బిట్స్ 1 పెట్టగానే 23450 పూర్తిగా వచ్చింది. ఇండికేటర్ సెట్టింగులే మార్చుదామని దాని పెట్టె విప్పకండి. తూనికలు, కొలతల శాఖ వేసిన సీలు తెగితే అది వేరే తలనొప్పి. సర్దుకోవాల్సింది ల్యాప్‌టాప్ వైపే.

మర్నాడు ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మౌస్ బాణం తెరంతా పరుగులు పెట్టింది, వాటంతటవే క్లిక్కులు పడ్డాయి. వైరస్ కాదు. ఆగకుండా డేటా పంపే పరికరాన్ని విండోస్ పాతకాలపు సీరియల్ మౌస్ అనుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్ అని కనిపిస్తుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ కాదు, డిసేబుల్ చేయాలి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ పుట్టుకొస్తుంది. నా ఎఫ్‌టీ232ఆర్ లాంటి ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ అయితే పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో సీరియల్ ఎన్యూమరేటర్ దగ్గర టిక్కు తీసేస్తే విండోస్ మౌస్ కోసం వెతికే పనే ఉండదు. బాణం ఎగురుతుండగా ఇవన్నీ క్లిక్ చేయలేం కాబట్టి ముందు ఇండికేటర్ వైపు కేబుల్ పీకి, తర్వాత చేయాలి.

అదే అడ్వాన్స్‌డ్ పేజీలో కామ్ నంబరు కూడా మార్చవచ్చు. పాత ప్రోగ్రాములు కొన్ని కామ్4 దాటితే చూడవు, చాలావాటికి కామ్9 దాటితే కష్టం. చిన్న నంబర్లన్నీ వాడుకలో ఉన్నట్టు చూపిస్తే షో హిడెన్ డివైసెస్ నొక్కి, ఇప్పుడు లేని పాత పోర్టులను తీసేయాలి. పూర్వపు డాస్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోవు. వాటికి డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్ వాడి, సెట్టింగుల ఫైల్లో సీరియల్1 వరసను డైరెక్ట్‌సీరియల్ చేసి, రియల్‌పోర్ట్ దగ్గర మన కామ్ నంబరు ఇస్తే సరి. ల్యాప్‌టాప్ కాసేపు ఊరుకున్నాక తూకం ఆగిపోతుంటే యూఎస్‌బీ హబ్ ప్రాపర్టీస్‌లోని పవర్ మేనేజ్‌మెంట్‌లో టిక్కు తీసేయాలి.

కేబుల్ పొడవు పెంచాల్సి వస్తే సీరియల్ వైపే పెంచండి. యూఎస్‌బీకి 5 మీటర్లు దాటకూడదు, ఆర్ఎస్-232కి 15 మీటర్ల వరకు భయం లేదు, 2400 వేగంలో ఇంకాస్త ఎక్కువే సాగుతుంది. మిల్లు మోటార్లు స్టార్టయినప్పుడల్లా కన్వర్టర్ ఊడి మళ్లీ దొరికినట్టు శబ్దం వస్తుంటే డ్రైవర్‌ని తిట్టుకోనక్కర్లేదు. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడాలి. అప్పుడు ఆగితే ఎర్తింగ్ గొడవ. షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, షీల్డ్‌ని ఒక వైపే ఎర్త్ చేసి, మోటారు తీగలకు దూరంగా లాగాలి; అయినా తగ్గకపోతే ఐసొలేటెడ్ కన్వర్టర్ (రెండు వైపుల మధ్య నేరు కరెంటు కలయిక లేనిది) ఒక్కటే దారి.

ఇండికేటర్ పక్కన ఒక చీటీ అంటించి వచ్చాను: కామ్3, 2400, 7 ఈవెన్ 1, క్రాస్ కేబుల్, 3వ పిన్ పంపేది.