కొండదారిలో ఏపీఆర్‌ఎస్ జాడ

మైదానం నుంచి కొండల మీదుగా అవతలి లోయకు దిగే ఆ దారిని, హామ్ రేడియోతో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియోతో, వాహనం జాడ ఎంత దూరం వరకు తెలుస్తుందో స్వయంగా చూడాలనే కోరికతోనే ఎంచుకున్నాను. కారు పైకప్పు మీద యాంటెన్నా నిలిపి, జీపీఎస్ ఉన్న, రెండు మీటర్ల తరంగదైర్ఘ్యంలో పనిచేసే రేడియోను లోపల బిగించి, వాహనాలకు వాడుకలో ఉన్న 9 అంకెను నా కాల్‌సైన్ (రేడియోలో నా గుర్తింపు సంకేతం) చివర చేర్చాను. బండి మిత్రుడు నడిపాడు కనుక రేడియో తెరను గమనిస్తూ కూర్చునే వీలు నాకు కలిగింది. అమెచ్యూర్ రేడియోలో సమాచారాన్ని రహస్య సంకేతాలలో దాచకూడదు, మన స్థానం అందరికీ కనిపిస్తుంది. అందుకే ఇంటి పరిసరాలు దాటాకే ప్రసారం మొదలుపెట్టాను. ప్రతి హామ్ ఈ జాగ్రత్త పాటించాలని నా అభిప్రాయం.

స్థానాన్ని, చిన్న సందేశాలను రేడియో ద్వారా పంపే ఏపీఆర్‌ఎస్ (ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్) అనే ఈ పద్ధతి అమెరికా నావికాదళ అకాడమీలో పనిచేసిన బాబ్ బ్రునింగా రూపొందించినది. 1984లో వంద మైళ్ల గుర్రపు పందెంలో గుర్రాల స్థానాలు తెలియజేయడానికి ఆయన విక్-20 కంప్యూటర్ మీద దీని తొలి రూపాన్ని ఉపయోగించారు. ఇప్పటికీ సాధారణంగా సెకనుకు 1200 బిట్ల వేగమే వాడుకలో ఉంది. 1200, 2200 హెర్ట్జ్‌ల రెండు స్వరాలలో అక్షాంశ రేఖాంశాలు, వేగం, దిశ ఒక చిన్న ప్యాకెట్‌గా క్షణంలో వెళ్లిపోతాయి. స్థానం తెలిపే ప్యాకెట్ అందిందని ఎవరూ జవాబివ్వరు. దానిని విన్న డిజిపీటర్ అనే రిలే కేంద్రం మళ్లీ ప్రసారం చేస్తుంది, ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న ఐగేట్ అనే కేంద్రం వింటే ఇంటర్నెట్ పటానికి చేరవేస్తుంది.

మైదానంలో అంతా సాఫీగా సాగింది. తిన్నని రహదారిలో ట్రాకర్ చాలాసేపటికొకసారి, మలుపు తిరిగితే మాత్రం వెంటనే స్థానాన్ని పంపేలా అమర్చాను. అందరూ ఒకే పౌనఃపున్యాన్ని పంచుకుంటారు కాబట్టి అవసరానికి మించి పంపితే ఇతరుల ప్యాకెట్లు దెబ్బతింటాయి. ఆ కారణంగానే, ప్యాకెట్‌ను డిజిపీటర్లు ఎన్నిసార్లు తిరిగి పంపాలో చెప్పే సూచనల్లో వైడ్1-1, వైడ్2-1 అనే రెండు అంచెలతో సరిపెట్టాను.

ఘాట్ మొదలయ్యాక పరిస్థితి మారిపోయింది. ఈ తరంగాలు దాదాపుగా చూపు సాగినంత మేరకే నమ్మకంగా చేరుతాయి కనుక, కొండ అడ్డుపడగానే మా ప్యాకెట్లను తిరిగి వినిపించే డిజిపీటర్ లేకుండా పోయింది. లోయ వైపు తెరుచుకున్న మలుపులో ఒకటి వినిపించేది, మరుసటి మలుపులో మళ్లీ నిశ్శబ్దం. కనుమ శిఖరం చేరేసరికి ఇరువైపుల కేంద్రాలూ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి: దూరపు వాతావరణ కేంద్రాలు, ఎవరెవరివో వాహనాలు, ఒక్కొక్కటి ఎంత దూరంలో ఏ దిక్కున ఉందో సహా. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు, మాకు ఇంటర్నెట్ అవసరమూ రాలేదు. రేడియో నుంచి రేడియోకే ఆ చిత్రమంతా చేరింది. అవతలి లోయ నుంచి ఎక్కివస్తున్న ఒక హామ్, తన తెర మీద మా కారు గుర్తు చూసి, ముందు పొగమంచు దట్టంగా ఉందని సందేశం పంపారు. ఏపీఆర్‌ఎస్ సందేశానికి 67 అక్షరాలే పరిమితి, ఆ మాటకు అవి చాలు. సందేశాలకు మాత్రం అందినట్టు జవాబు తిరిగి వెళుతుంది. మిత్రుడు వేగం తగ్గించాడు, పొగమంచు ఆయన చెప్పిన చోటే ఎదురైంది.

తరువాత పటం మీద మా జాడను పరిశీలించినప్పుడు నన్ను ఎక్కువగా నిలిపినవి ఖాళీలే. దిగుదలలో సగానికి పైగా దారిలో ఒక్క చుక్క లేదు, ప్రమాదం జరిగితే సహాయం అవసరమయ్యేది సరిగ్గా అక్కడే. ఆ లోయకు ఎదురుగా ఉన్న కొండభుజం మీద, తొలి అంచె అయిన వైడ్1-1కు మాత్రమే స్పందించే చిన్న డిజిపీటర్‌ను సౌరవిద్యుత్తుతో నడిపితే ఆ ఖాళీ చాలావరకు నిండుతుంది. అనుమతులతో పాటు, అక్కడి నుంచి కనుమ మీది డిజిపీటర్ వినిపిస్తుందో లేదో చేతి రేడియోతో పరీక్షించడం మిగిలి ఉంది.